మా రోజుల్లో దయ్యాలు తేదీ వేసుకుని వచ్చేవి కావు

ఈ కాలపు నవలకి ఒకచోట కాలు నిలవదురా అబ్బాయ్. మొదటి అధ్యాయం నెత్తిన ఒక ఊరి పేరు, ఒక సంవత్సరం. రెండో అధ్యాయానికొచ్చేసరికి ఊరు మారుతుంది, సంవత్సరం నూరేళ్ళు వెనక్కి పోతుంది. మూడోదానికి మళ్ళీ ముందుకి. ఒక పిల్ల కొవ్వొత్తి పట్టుకుని చీకట్లో మెట్లెక్కుతూ ఉంటుంది, పైగదిలో ఎవరో నడుస్తున్న చప్పుడు, తలుపు గడియ దానంతటదే కదులుతుంది, మనం ఊపిరి బిగబట్టి పేజీ తిప్పుతాం. తిప్పగానే ఆ పిల్ల మునిమనవరాలెవరో కాఫీ హోటల్లో కూర్చుని, లాప్‌టాప్ ముందేసుకుని, తన విడాకుల గురించి నిట్టూరుస్తూ ఉంటుంది. ఆ విడాకులు నాకెందుకు? నాక్కావలసింది ఆ గడియ సంగతి. ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళకి పిలిచి, ఇక్కడ పప్పు కలుపుకోగానే చెయ్యి పట్టుకు లేపి అక్కడి పంక్తిలో కూర్చోబెట్టి, అక్కడ పులుసు పోసుకోగానే మళ్ళీ ఇక్కడికి లాక్కొచ్చినట్టుంటుంది వ్యవహారం. రెండుచోట్లా తిన్నామన్న పేరే గానీ ఆకలి తీరదు.

దీన్ని డ్యూయల్ టైమ్‌లైన్ అంటారని మా మనవరాలు చెప్పింది. రెండు కాలాల కథ. ఉన్న ఒక్క కాలంలోనే పొద్దున వేసుకోవలసిన మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండని వాణ్ణి, నాకు రెండు కాలాలు అంటగడితే ఎలా?

మా రోజుల్లో... ఆ మాట వినగానే మొహం ఎలా పెట్టావో నాకు తెలుసు, పెట్టుకో. మా రోజుల్లో గోథిక్ నవలకి ఒక పద్ధతి ఉండేది. ఇంగ్లండులో, అదీ వీలైతే కార్న్‌వాల్ సముద్రం ఒడ్డున, కొండకొమ్ము మీద ఒక పెద్ద పాత బంగళా. అందులో ఒక్క గదికి తప్ప అన్ని గదులకీ తాళాలు తీసి ఉంటాయి. పిల్లలకి చదువు చెప్పే ఉద్యోగానికో, కొత్త కోడలిగానో దిక్కూమొక్కూ లేని పిల్ల ఒకతె ఆ ఇంటికి వస్తుంది. యజమాని నవ్వడు. ఆయన మొదటి భార్య ఎలా పోయిందని అడిగితే నౌకర్లు మాట మారుస్తారు. ఇహ కథ పొడుగునా ఆ పిల్లకి ఒకటే సందేహం: ఈయన్ని పెళ్ళి చేసుకోవాలా, ఈయన చేతిలో చావాలా? ఆ ఒక్క సందేహం మీద మూడు వందల పేజీలు నడిపించేవాళ్ళు, మహానుభావులు. మధ్యలో ఎక్కడికీ వదిలేవాళ్ళు కాదు. ఆ పిల్లతో పాటు మనమూ ఆ ఇంట్లోనే పడి ఉండాలి. వాన వస్తే ఇద్దరం తడవాలి.

అట్ట బొమ్మ చూస్తేనే సగం కథ తెలిసిపోయేది. రాత్రి పూట పొడుగు గౌను వేసుకున్న అమ్మాయి జుట్టు విరబోసుకుని పరిగెడుతూ ఉంటుంది. వెనకాల బంగళా. మొత్తం ఇంట్లో ఒక్క కిటికీలో మాత్రం దీపం. అరవైల్లో డెబ్బైల్లో వచ్చిన ఈ రకం పేపర్‌బ్యాకులకి అమెరికాలో అయినా లండన్లో అయినా ఇదే అట్ట. ఆ దీపం గదిలో ఉన్నదెవరు, ఈ అమ్మాయి చెప్పులైనా వేసుకోకుండా ఎక్కడికి పోతోంది అని నేను బస్టాండులో నిలబడి ఆలోచిస్తూ ఎక్కవలసిన బస్సులు పోగొట్టుకున్నవాణ్ణి. ఇప్పటి అట్టలు చూడు. ఒకావిడ మనకి వీపు పెట్టి నిలబడి ఉంటుంది. పరిగెట్టే ఓపిక కూడా లేదు.

ఈ గోథిక్ అన్నది ఎవరు మొదలుపెట్టారో తెలుసా? హోరేస్ వాల్పోల్ అని ఒక దొర. 1764 డిసెంబరులో ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ అనే నవల అచ్చువేశాడు. కథ ఎలా మొదలవుతుందనుకున్నావు? పెళ్ళికొడుకు నెత్తిన ఆకాశం నుంచి ఇంత పెద్ద శిరస్త్రాణం పడి చస్తాడు. అంతే. ముందు చరిత్ర లేదు, ఉపోద్ఘాతం లేదు, ఆ పెళ్ళికొడుకు బాల్యం మీద నాలుగు అధ్యాయాలు లేవు. పడింది, చచ్చాడు, కథ నడిచింది. తండ్రి ఆ పెళ్ళికూతుర్ని తానే చేసుకుంటానని వెంటబడితే ఆ పిల్ల కోట కింద సొరంగంలో పరిగెడుతుంది. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకి అట్టల మీద పరిగెట్టిన ఆడపిల్లలందరికీ మూలపుటమ్మ ఆవిడే.

అయితే ఆ వాల్పోల్ దొర ఒక పని చేశాడు. తన పేరు వేసుకోలేదు. ఇది ఉత్తర ఇంగ్లండులో ఒక పాత కాథలిక్ కుటుంబం గ్రంథాలయంలో దొరికిన పుస్తకమనీ, 1529లో నేపుల్సులో అచ్చయిందనీ, తాను దానికి అనువాదం మాత్రమే వేస్తున్నాననీ నమ్మబలికాడు. జనం ఎగబడి కొన్నాక, మరుసటేడు రెండో ముద్రణలో, నేనే రాశానని బయటపెట్టాడు. మా మనవరాలు ఈ సంగతి పట్టుకుని, “చూశావా తాతయ్యా, పాత కాగితాలు దొరకడం, ఇప్పటివాడు అప్పటిది చదవడం, మొదటి పుస్తకంలోనే ఉంది రెండు కాలాల వ్యవహారం” అంటుంది. పిల్లకి వాదన బాగా వచ్చు. ఎవరి పోలికో చెప్పను. కానీ అబద్ధమాడడం వేరు, అధ్యాయం విడిచి అధ్యాయం తేదీ మార్చడం వేరు. మొదటిది కళ.

సరే, పుస్తకాలు ఎలా దొరికేవో విను. నీకు వేలు నొక్కితే వస్తాయి. మాకు బెజవాడలో ఒక సందు చివర అద్దె పుస్తకాల షాపు. మనిషి పక్కకి తిరిగితే తప్ప లోపలికి పట్టడు. కొంత డబ్బు డిపాజిట్ కట్టి, రోజుకి పావలా అద్దె. యద్దనపూడివారి నవలలకి వరసలో పేరు రాయించుకోవాలి. డిటెక్టివ్ పుస్తకాలు గుట్టలు గుట్టలు. అడుగు అరలో, దుమ్ములో, ఇంగ్లీషు పేపర్‌బ్యాకులు. బ్రౌన్ పేపరు అట్ట, దారంతో కుట్టిన వీపు, లోపల ముందు చదివినవాళ్ళ పెన్సిలు రాతలు. ఒక మహానుభావుడు ప్రతి హత్య నవలలోనూ పదో పేజీ దగ్గరే “చంపింది డాక్టరు” అని రాసి పెట్టేవాడు. సగం సార్లు తప్పు. ఆ సగంలో మనం ఉన్నామా లేమా అన్నదే సస్పెన్సు.

అక్కడే దొరికింది నాకు విక్టోరియా హోల్ట్. ఆవిడ అసలు పేరు ఎలియనార్ హిబ్బర్ట్. జీన్ ప్లైడీ అని ఇంకో పేరుతో రాజుల కథలు, ఫిలిప్పా కార్ అని వేరే పేరుతో వేరే కథలు రాసింది. ఒక్క మనిషి ఇన్ని పేర్లతో రాసి, ఒక్కో పుస్తకంలో మాత్రం ఒక్క కాలమే పెట్టుకుంది, అదీ క్రమశిక్షణ. 1960లో వచ్చిన ‘మిస్ట్రెస్ ఆఫ్ మెల్లిన్’ ఆవిడ హోల్ట్ పేరుతో రాసిన మొదటిది. ఇంటి పంతులమ్మ, కార్న్‌వాల్ బంగళా, నవ్వని యజమాని, పోయిన భార్య. అది అమ్ముడుపోయిన జోరు చూసే పబ్లిషర్లందరూ పొడుగు గౌను అమ్మాయిలని పరిగెత్తించడం మొదలుపెట్టారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, అన్నం చల్లారిపోతున్నా లేవకుండా చదివాను. గుట్టు విడిపోయే చోటికొచ్చాను. ఆఖరి పేజీలు లేవు.

లేవంటే లేవు. ఎవరో చింపేశారు. షాపువాణ్ణి అడిగితే “అక్కడి దాకా చదివారు కదండీ, ఇంకేం మిగిలుంటుంది” అన్నాడు. ఆరోజు వాణ్ణి నేనన్న మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు. మా ఆఫీసులో హెడ్‌గుమాస్తాగారు కూడా అదే కాపీ చదివారు. ఆయన యజమానే చంపాడని, నేను ఇంటి పెత్తనం చేసే ఆవిడ మీద అనుమానమని, ఏళ్ళ తరబడి వాదించుకున్నాం. ఇద్దరికీ మనస్పర్థలొచ్చి ఒక సంక్రాంతికి పలకరింపులు కూడా లేవు. చాలాకాలం తర్వాత హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో మొత్తం పేజీలున్న కాపీ కనపడింది. కొన్నాను. అక్కడే మూసి ఉన్న షాపు అరుగు మీద కూర్చుని ఆఖర్నించి చదివాను. చంపింది మేమనుకున్న ఇద్దరిలో ఎవరూ కాదు. అప్పటికి హెడ్‌గుమాస్తాగారు రిటైరయి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. ఉత్తరం రాద్దామనుకుని మానేశాను. ఎందుకు పాపం, ఆయన అంత గట్టిగా నమ్మారు.

నీకైతే ఇదంతా అరనిమిషం పని. ఫోనుని అడిగితే చెప్పేస్తుంది. అడిగి, తెలుసుకుని, మరిచిపోయి, ఇంకోటి అడుగుతావు. ఒక హంతకుడి కోసం అన్నేళ్ళు ఎదురుచూసే యోగం నీకెక్కడిది?

మన పత్రికల సంగతి ఎత్తుతావని తెలుసు. వారం వారం సీరియల్ వేసి, కత్తి ఎత్తినచోట ఆపి, కింద “సశేషం” అని పెట్టేవాళ్ళు కదా, అది మాత్రం మధ్యలో వదిలెయ్యడం కాదా అని. కాదు. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి ‘తులసిదళం’ వస్తున్న రోజుల్లో ఏం జరిగేదో నీకు తెలియదు. పత్రిక వచ్చేసరికి గుమ్మంలో నలుగురం. చదివాక అందులోని కాష్మోరా అనే క్షుద్రశక్తి వారం రోజులూ మా ఇంట్లోనే ఉండేది. రాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే ఆడవాళ్ళు మగవాళ్ళని తోడు రమ్మనేవాళ్ళు, మగవాళ్ళు ఏదో పనున్నట్టు దగ్గేవాళ్ళు. ఈ రెండు కాలాల నవలలో భయం వారంపాటు ఉండదు సరిగదా, అధ్యాయం చివరిదాకా కూడా ఉండదు. కొంచెం రాజుకునేసరికి నీళ్ళు చల్లి వేరే శతాబ్దానికి పంపేస్తారు.

అసలు నా కోపం అది కూడా కాదు. అసలు కోపం ‘రెబెక్కా’ దగ్గరుంది.

డాఫ్నే డ్యు మారియే 1938లో వేసిన నవల అది. భర్త సైన్యంలో పనిచేస్తూ ఈజిప్టులో ఉంటే, ఆవిడ అలెగ్జాండ్రియా ఎండలో కూర్చుని, కార్న్‌వాల్ వానని తలుచుకుని బెంగపడుతూ మొదలుపెట్టింది. మెనబిలీ అని అక్కడ అడవిలో పాడుపడ్డ ఇల్లు ఒకటుండేది, దాని మీద ఆవిడకి పెళ్ళికి ముందు నుంచీ మనసు. దాన్నే నవల్లో మ్యాండర్లే చేసింది. తర్వాత 1943లో ఆ ఇల్లే అద్దెకి తీసుకుని, ఎలకలతో సహా, పాతికేళ్ళకి పైగా కాపురముంది. చూశావా, అది ప్రేమంటే. మీరు ఒక అద్దె ఇంట్లో రెండేళ్ళుంటే గీజరు బాగాలేదని మారిపోతారు.

ఆ నవల్లో రెబెక్కా చనిపోయిన మొదటి భార్య. కథ చెప్పేది రెండో భార్య. ఆ రెండో పిల్ల పేరేమిటో రచయిత్రి చివరిదాకా చెప్పదు. చచ్చిపోయినదాని పేరేమో పుస్తకం మీద! ఇల్లంతా రెబెక్కాయే. రుమాలు మీద ఆవిడ పేరులో మొదటి అక్షరం, బల్ల మీద ఆవిడ చేతిరాత, మూసిన గదిలో ఆవిడ దువ్వెనలు, పక్క మీద ఆవిడ రాత్రి గౌను. మిసెస్ డాన్వర్స్ అనే ఆ రాకాసి దాసీ ఆ గౌను తీసి ఈ పిల్ల చేతికిచ్చి తాకి చూడమంటుంది. చదువుతుంటే వేసవికాలంలో నాకు చలి. అంత ఉన్న రెబెక్కా పుస్తకం మొత్తంలో తనంత తాను వచ్చి ఒక్క మాట చెప్పుకోదు. ఆవిడ ఎలాంటిదో ఈమె చెబుతుంది, ఆయన చెబుతాడు, దాసీ చెబుతుంది, ప్రతివాళ్ళూ తమకి తోచింది చెబుతారు. ఎవరి మాట నమ్మాలో తెలియక మనకి నిద్రపట్టదు.

అదే నవల ఇప్పుడు రాసి ఉంటే ఏం చేసేవారు? అధ్యాయం విడిచి అధ్యాయం రెబెక్కాకి ఇచ్చేవారు. నెత్తిన “మ్యాండర్లే” అని, కింద ఒక సంవత్సరం. ఆవిడ వచ్చి, నా చిన్నతనంలో మా అమ్మ నన్ను సరిగ్గా చూడలేదు, అందుకే నేనిలా అయ్యాను అని మొదలుపెట్టేది. పాపం అనిపించేది కూడా. పాపం అనిపించాక ఇహ భయమేముంది? మా రోజుల్లో చచ్చినవాళ్ళు చచ్చినవాళ్ళ హద్దులో ఉండేవారు. వాళ్ళ గురించి మనకి తెలిసేదంతా వంటింట్లో గుసగుసల వల్లా, సగం కాలిన ఉత్తరాల వల్లా. గతం అంటే చెప్పుడు మాటే కదురా! మా తాతగారి అన్న ఇల్లొదిలి ఎందుకు పోయాడో మా ఇంట్లో ఇప్పటికీ నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. ఆయనే స్వయంగా తేదీ వేసుకుని వచ్చి వివరం చెబితే మా ఇంట్లో పెళ్ళిళ్ళలో మాట్లాడుకోవడానికి ఇంకేం మిగలదు.

మా మనవరాలు ఊరుకోదు కదా. “మరి నీ వదరింగ్ హైట్స్?” అంది. 1847లో వచ్చిన పుస్తకం, నాకు భారతం తర్వాత అంతటిది. అది 1801లో మొదలవుతుంది, వెంటనే ఒక తరం వెనక్కి పోతుంది, మళ్ళీ ముందుకొస్తుంది. నిజమే. కానీ ఎలా పోతుంది? కొత్తగా అద్దెకి దిగిన లాక్‌వుడ్ జబ్బుపడి మంచమెక్కితే, ఇంటి పనులు చూసే నెల్లీ డీన్ కుట్టుపని చేతిలో పెట్టుకుని పక్కన కూర్చుని చెబుతుంది. ఆవిడకి ఇష్టమైనవాళ్ళున్నారు, కానివాళ్ళున్నారు, తను చేసిన తప్పులు దాచుకునే తెలివి ఉంది. ఒక మనిషి నోట్లోంచి వస్తుంది గతం. అందులో ఉమ్మి తడి ఉంటుంది. తేదీ వేసి అచ్చుగుద్దిన గతంలో అది ఎక్కడిది?

“అయితే మూగమనసులు?” అంది. పిల్ల వదిలిపెట్టే రకం కాదు. 1964. ఆదుర్తి సుబ్బారావు. కొత్తగా పెళ్ళయిన జంట గోదావరిలో పడవ ప్రయాణం చేస్తూంటే సుడిగుండం దగ్గర పోయిన జన్మ గుర్తుకొస్తుంది. రెండు కాలాలూ ఉన్నాయి, ప్రేమ ఉంది, గుట్టు ఉంది. ఉన్నాయమ్మా. అయితే ఒకసారి వెనక్కి వెళ్ళాక నాగేశ్వరరావునీ సావిత్రినీ అక్కడే ఉండనిచ్చారా లేదా? అరగంటకోసారి ఈ జన్మకి లాక్కొచ్చి పడవలో కాఫీ తాగించలేదు. ఆ ఏడాదే హిందీలో ‘కోహ్రా’ అని మన ‘రెబెక్కా’నే తీశారు, బీరేన్ నాగ్ దర్శకుడు, వహీదా రెహ్మాన్ రెండో భార్య, లలితా పవార్ ఆ దాసీ. చూసి వచ్చి రాత్రంతా దీపం వెలిగించుకుని పడుకున్నాను. మా నాన్న కరెంటు బిల్లు గురించి అన్న మాటలు ఆ సినిమా కంటే భయంకరం. ఆ వహీదా మనకి మొదట కనిపించింది 1955లో ‘రోజులు మారాయి’లో. పేరు చూశావా, అప్పుడే చెప్పారు. మేమే వినలేదు.

ఇహ మా మనవరాలు ఆఖరి అస్త్రం తీసింది, తెలుగు ఎమ్మే చదివింది కదా. పింగళి సూరన. పదహారో శతాబ్దం. ‘కళాపూర్ణోదయం’. ద్వారకలో ఉయ్యాల ఊగుతున్న కలభాషిణి తర్వాతి జన్మలో మధురలాలసగా పుడుతుంది, మణికంధరుడు కళాపూర్ణుడవుతాడు, ముందు జరిగింది వెనకా వెనక జరిగింది ముందూ తెలుస్తుంది. బ్రహ్మదేవుడు సరస్వతికి సరదాగా చెప్పిన కథ కింద భూలోకంలో నిజమై కూర్చుంటుంది. రెండు కాలాలు కాదు, ఎన్ని కాలాలో లెక్కపెట్టడానికి వేళ్ళు చాలవు. ఇంగ్లీషువాడికి నవల అన్న మాటే తెలియని రోజుల్లో మనవాడు ఇంత పని చేస్తే గర్వపడక ఏం చేస్తాను? గర్వపడ్డాను. పడి, సూరన చేశాడు కాబట్టి చెల్లింది, అందరూ సూరనలు కారు అని చెప్పి మజ్జిగ అడిగాను. వాదన అలా ముగించాలి.

పిల్ల మనసు కష్టపెట్టడం ఎందుకని తను ఇచ్చిన పుస్తకం పట్టుకున్నాను. కేట్ మార్టన్ అని ఆస్ట్రేలియా ఆవిడ 2008లో రాసింది, ‘ది ఫర్గాటెన్ గార్డెన్’. 1913లో ఆస్ట్రేలియాలో మేరీబరో రేవులో ఓడ దిగి ఒక నాలుగేళ్ళ పిల్ల ఒంటరిగా నిలబడి ఉంటుంది. చిన్న పెట్టె, అందులో ఒక కథల పుస్తకం. నా అన్నవాళ్ళు లేరు, పేరు చెప్పదు. రేవు అధికారి జాలిపడి ఇంటికి తీసుకుపోయి పెంచుకుంటాడు, నెల్ అని పేరు పెడతాడు. ఇరవై ఒకటో పుట్టినరోజున ఈ సంగతి ఆమెకి చెప్పేస్తాడు. ఎంత మంచి ఎత్తుగడ! నేను కుర్చీలో ముందుకి జరిగాను. జరిగీ జరగ్గానే 2005. ఆమె మనవరాలు కసాండ్రా. మళ్ళీ 1975, నెల్ తనెవరో తెలుసుకోవడానికి ఇంగ్లండు బయల్దేరింది. మళ్ళీ 1900, లండన్ మురికివాడలో ఎలైజా అనే ఇంకో పిల్ల. రెండు కాలాలన్నారు, ఇక్కడ మూడు! నాలుగైనా ఉంటాయి, లెక్క తప్పింది. వేళ్ళు ఒక్కో కాలం దగ్గర ఒక్కోటి పెట్టుకుని చదివాను. కాఫీ గ్లాసు పట్టుకోవడానికి చెయ్యి మిగల్లేదు.

బాగుందా అంటావు. కార్న్‌వాల్లో బంగళా ఉంది, చెట్ల చిట్టడవి ఉంది, గోడ కట్టేసిన తోట ఉంది, అవన్నీ నావే కదా. ఆ నెల్ కార్న్‌వాల్ కొండ మీద చిన్న ఇల్లు కొని, ఆ మాట ఎవరికీ చెప్పకుండా ముప్పై ఏళ్ళు కడుపులో దాచుకుని చచ్చిపోతుంది. అదీ మనిషంటే. మీరైతే రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీదే ఫొటో పెట్టేస్తారు.

ఉపాయం ఒకటి కనిపెట్టాను. 2005 వచ్చినచోటల్లా పేజీలు దాటేసి పాత కాలానివి మాత్రమే వరసగా చదివితే నిక్షేపంగా మా రోజుల నవల అవుతుంది కదా! అలాగే చేశాను. ఎలైజా కథ బ్రహ్మాండంగా సాగింది. తీరా ముడి విప్పే చోటుకి వచ్చేసరికి, ఆ రచయిత్రి ఎంత గడసరో చూడు, సగం తాళాలు 2005 పిల్ల చేతిలో పెట్టింది. దాటేసినవన్నీ వెతుక్కుని చదవాల్సొచ్చింది. నాలాంటివాళ్ళు ఉంటారని ముందే తెలిసి వేసిన వల అది. దాన్ని నేను కుట్ర అంటాను. మా మనవరాలు నిర్మాణం అంటుంది.

ఇంకొకటుంది, ‘ది వింటర్ సీ’, సుసానా కియర్స్లీ రాసింది. ఒక రచయిత్రి స్కాట్లండులో స్లెయిన్స్ అనే పాడుబడ్డ కోట పక్కన చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని, 1708లో ఫ్రెంచి ఓడలు సాయంగా తెచ్చుకుని జేమ్స్ స్టువర్ట్ రాజ్యానికి ప్రయత్నించిన నాటి కథ రాస్తుంది. రాయగా రాయగా అది కల్పన కాదు, తన పూర్వీకురాలి జ్ఞాపకం తన రక్తంలో ఉండి బయటికొస్తోందని అనుమానం వస్తుంది. నేను పుస్తకం మూసి చాలాసేపు ఆలోచించాను. మా తాతగారి జ్ఞాపకాలు నా రక్తంలో వస్తే అన్నీ పొలం గట్టు తగాదాలే. ఆయన మీద వేసిన దావా నంబరుతో సహా వస్తుంది. ఆ కోట మాత్రం నిజంగా ఉంది, క్రూడెన్ బే అనే ఊరి పక్కన, కప్పు పీకేసిన మొండి గోడలతో. డ్రాక్యులా రాసిన బ్రామ్ స్టోకర్ ఆ ఊరికి సెలవలకి వచ్చేవాడు. అలాంటి చోట కూర్చుంటే రక్తంలోంచి ఏదైనా వస్తుందిలే.

వీళ్ళకి ఇంకో కష్టం ఉంది, దానికి మాత్రం నాకు జాలి. సెల్‌ఫోను. ఇప్పటి కాలంలో నాయిక పాత బంగళాలో చిక్కుకుపోతే ఎవరికో ఒకరికి ఫోను చేస్తుంది, కథ అయిపోతుంది. అందుకని ఈ నవలల్లో కార్న్‌వాల్ అంతటా సిగ్నలు ఉండదు. ఛార్జరు మరిచిపోతారు. తుపానొచ్చి తీగలు తెగుతాయి. దొరికిన ఉత్తరం ఎవరిదో తెలుసుకోవడానికి మా రోజుల్లో నాయిక ఆరు నెలలు నౌకర్ల మొహాలు చదివేది, ఇప్పుడు బుగ్గలోంచి ఉమ్మి తీసి లాబొరేటరీకి పంపుతుంది. తండ్రెవరో కాగితం మీద వస్తుంది. మన మొహమాటం లేదు, వాళ్ళకి సిగ్గు లేదు. ఆ పీడ తప్పించుకోవడానికే పాపం రచయితలు పాతకాలంలోకి పారిపోతున్నారేమో అనిపిస్తుంది. అక్కడ తలుపు గడియ వేస్తే వేసినట్టే ఉంటుంది. అలాగైతే అక్కడే ఉండిపోవచ్చు కదా అన్నదే నా గోల.

జీన్ రీస్ అనే ఆవిడ సంగతి చెప్పకుండా తప్పించుకుందామనుకున్నాను గానీ మా మనవరాలు ఇది చదువుతుంది. ‘జేన్ ఐర్’లో మేడ మీద గదిలో బంధించి పెట్టిన పిచ్చి భార్య ఉంది కదా, బెర్తా. షార్లట్ బ్రాంటీ ఆవిడ చేత అరిపించింది, కరిపించింది, ఇల్లు తగలబెట్టించింది, మాట మాత్రం మాట్లాడించలేదు. కరీబియన్ దీవుల్లో పుట్టిన ఈ రీస్‌కి అది నచ్చలేదు. 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ రాసి ఆ పిచ్చిదాని చేత తన కథ తానే చెప్పించింది. దీవుల్లో చిన్నతనం, కట్నం కోసం చేసుకున్న మొగుడు, వాడు పేరు కూడా మార్చి పిలవడం, అన్నీ. నా లెక్క ప్రకారం అది తప్పు. చచ్చినవాళ్ళ నోరు విప్పించడం మొదలైంది అక్కడే. ఆ తప్పు పుస్తకం రెండుసార్లు కొన్నాను, మొదటి కాపీ ఎవరో పట్టుకుపోతే. దాని వల్ల ‘జేన్ ఐర్’ మళ్ళీ చదవాల్సొచ్చింది, చదివితే ఆ మేడ గది దగ్గరికి వచ్చినప్పుడు ఇదివరకటి భయం వెయ్యలేదు, వేరే ఏదో వేసింది. ఇదంతా మా మనవరాలికి చెప్పలేదు. ఇప్పుడు తెలుస్తుంది, తెలియనీ.

అబ్బాయ్, నీ చేతిలో ఉన్నది కూడా ఆ బాపతుదేనా? ఎన్ని కాలాలు? రెండేనా? అయితే నువ్వు చదివేసి ఇయ్యి. అచ్చు పుస్తకమే తే, ఫోన్లోది నాకొద్దు. అక్షరాలు కాస్త పెద్దవి చూసి తే. హంతకుడెవరో పెన్సిలుతో రాశావంటే మాత్రం ఊరుకోను.